సీఏ 15-3 పెరిగిందంటే రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టినట్టేనా?

పర్లాకిమిడి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. రాసినవారి అమ్మగారికి 56 ఏళ్లు. రెండేళ్ల కిందట విశాఖలో ఎడమ రొమ్ము తీసేశారు. రెండో దశ, ఈఆర్, పీఆర్ పాజిటివ్ (హార్మోన్లతో పెరిగే రకం), హెర్2 అనే ప్రొటీన్ నెగెటివ్. కీమో అయింది, కరెంటు పెట్టించారు, ఇప్పుడు హార్మోన్‌ను తగ్గించే లెట్రోజోల్ మాత్ర వేసుకుంటున్నారు. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. ఊళ్లో శాంపిల్స్ తీసుకునే సెంటర్ వాళ్లు ‘క్యాన్సర్ ప్యాకేజీ’ ఉందంటే చేయించారు. అందులో సీఏ 15-3 అనే రక్త పరీక్ష దగ్గర 36.8 అని ఎర్రగా వచ్చింది, పక్కన హద్దు 26.4 అని ఉంది. వెంటనే ఒళ్లంతా వెతికే పెట్ స్కాన్ తీయించాలా, ఈ పరీక్ష మూడు నెలలకోసారి చేయిస్తే జబ్బును ముందే పట్టుకోవచ్చా, రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ వెతికే కొత్త పరీక్ష మంచిదా అని అడిగారు.

ముందు మీ కంగారుకి జవాబు. ఈ ఒక్క అంకెను బట్టి జబ్బు తిరగబెట్టిందని ఏ క్యాన్సర్ డాక్టరూ తేల్చరు. ఈ వారమే పెట్ స్కాన్‌కి పరుగెత్తాల్సిన పని లేదు. అలాగని రిపోర్టు చించి పారేయకండి. వచ్చిన అంకెను ఒక పద్ధతి ప్రకారం తేల్చుకోవాలి. అమ్మగారికి ఇప్పుడే చెప్పి భయపెట్టొద్దని ఇంట్లో అనుకుంటూ ఉండొచ్చు. నా ఉద్దేశంలో చెప్పడమే మేలు. ఎందుకంటే తర్వాత అడగాల్సిన ప్రశ్నలకు జవాబులు ఆవిడ దగ్గరే ఉన్నాయి.

సీఏ 15-3 అనేది క్యాన్సర్‌లో మాత్రమే పుట్టే పదార్థం కాదు. రొమ్ము, ఊపిరితిత్తులు, అండాశయం, పేగుల లోపలి పొర కణాల మీద మక్1 అనే ప్రొటీన్ ఉంటుంది. దాని ముక్కలు ఊడి రక్తంలో కలుస్తాయి. ఆ ముక్కలనే ఈ పరీక్ష లెక్కపెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలోనూ అవి కొంత ఉంటాయి. లివరు దెబ్బతిన్నప్పుడు, ఊపిరితిత్తుల్లో వాపు ఉన్నప్పుడు పెరుగుతాయి. హెపటైటిస్, సిరోసిస్, టీబీ, అండాశయంలో తిత్తులు, ఇవన్నీ ఈ అంకెను హద్దు దాటించగలవు. బి12 లోపంతో వచ్చే రక్తహీనతలోనూ సీఏ 15-3 పెరుగుతుంది, బి12 ఇంజెక్షన్లు పడ్డాక దిగుతుంది. షుగరుకి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో, మాంసం, గుడ్లు, పాలు ముట్టనివాళ్లలో బి12 తగ్గడం మామూలే కాబట్టి మీ అమ్మగారి విషయంలో ఇది మొదట అడగాల్సిన ప్రశ్న. తలసేమియాలో, సికిల్ సెల్–తలసేమియా కలిసి ఉన్నవాళ్లలో కూడా ఈ అంకె ఎక్కువగా కనబడుతుంది. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే డాక్టరుతో చెప్పండి.

ఇప్పుడు రిపోర్టు కాగితం ఒకసారి చేతిలోకి తీసుకోండి. పరీక్ష పేరు కింద చిన్న అక్షరాల్లో ఈసీఎల్ఐఏ అనో, సీఎంఐఏ అనో, సీఎల్ఐఏ అనో ఉంటుంది. పరీక్ష చేసిన పద్ధతి అది. ఆ లైను ఎవరూ చదవరు గానీ అసలు కీలకం అక్కడే ఉంది. ఒకే రక్తాన్ని రెండు కంపెనీల మెషిన్ల మీద పెడితే రెండు అంకెలు వస్తాయి. అందుకే ఒక ల్యాబ్ హద్దు 26.4 అయితే ఇంకో ల్యాబ్ హద్దు 31 దాకా ఉంటుంది. ఈ నెల పర్లాకిమిడిలో ఒకరి దగ్గర, వచ్చే నెల బరంపురంలో ఇంకొకరి దగ్గర చేయించి ‘పెరిగింది, తగ్గింది’ అనుకోవడం వృథా. మీ ఊళ్లో సూది గుచ్చి తీసుకున్న రక్తం పరీక్షకు వెళ్లేది ఎక్కడో పెద్ద నగరానికి. అదే సెంటర్‌లో ఇచ్చినా వాళ్లు పంపే ల్యాబ్ మారి ఉండొచ్చు. కాబట్టి బోర్డు మీద పేరు చూడొద్దు, రెండు రిపోర్టుల్లోనూ పద్ధతి లైను ఒకటేనా అని చూడండి.

తర్వాత చేయాల్సింది ఇదీ. మూడు నాలుగు వారాలు ఆగి అదే పద్ధతిలో మళ్లీ చేయించండి. అప్పటికి జ్వరం, దగ్గు, కామెర్లు లాంటివేమీ ఉండకూడదు. ఉంటే తగ్గేదాకా ఆగండి. పరగడుపున ఇవ్వక్కర్లేదు. జుట్టు రాలకుండా, గోళ్లు బలంగా ఉండటానికి వేసుకునే బయోటిన్ మాత్రలు ఉంటే మూడు రోజుల ముందు ఆపేయాలి. కీమో తర్వాత జుట్టు కోసం చాలామంది 10 మిల్లీగ్రాముల మాత్రలు వేసుకుంటారు. కొన్ని మెషిన్లలో పరీక్ష నడిచేదే బయోటిన్ ఆధారంగా. రక్తంలో అది ఎక్కువైతే సీఏ 15-3 ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. మెడికల్ షాపులో కొన్నది ‘ఉత్త విటమిన్ మాత్రే కదా’ అని చెప్పకుండా వదిలేసేది ఇదే.

అదే రోజు హిమోగ్లోబిన్‌తో కలిపి సీబీసీ, బి12, లివర్ పరీక్షలు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కాల్షియం కూడా ఇవ్వండి. ఛాతీ ఎక్స్‌రే, కడుపు అల్ట్రాసౌండ్ పర్లాకిమిడిలోనే అవుతాయి. పెరుగుదలకు వేరే కారణం ఉంటే చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

రెండో అంకెను చదవడానికి ఒక లెక్క ఉంది. పాతిక శాతం లోపు తేడాను తేడాగా లెక్కించరు. మెషిన్‌లోనూ ఒంట్లోనూ రోజురోజుకీ వచ్చే ఊగిసలాటే అంత ఉంటుంది. మీ 36.8కి పాతిక శాతం అంటే 9 పైచిలుకు. అంటే రెండోసారి 28 నుంచి 46 లోపు ఏది వచ్చినా ‘మారలేదు’ అనే అర్థం. 39 వచ్చిందని ఏడవొద్దు, 33 వచ్చిందని పండగ చేసుకోవద్దు. ఏళ్ల తరబడి 35, 38 మధ్యే నిలబడి ఏమీ కాని ఆడవాళ్లు ఎంతమందో ఉంటారు. వాళ్లకి అదే మామూలు. అలాకాక 36.8 కాస్తా 50 అయి, ఆ పై నెల 70 అయితే అది వేరే సంగతి. వరసగా ఎక్కుతున్న అంకెకు విలువ ఉంది. అప్పుడు స్కాన్ అడగాలి.

ఆ స్కాన్ ఏది? ఛాతీ, కడుపు సీటీ ఒకటి, ఎముకల స్కాన్ ఒకటి. లేదా రెండిటి బదులు పెట్ సీటీ ఒకటి. సీటీకి మందు ఎక్కిస్తారు కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూపించాలి. పెట్ స్కాన్ గురించి ఒక హెచ్చరిక. టీబీ పట్టిన లింఫు గడ్డలు, పాత న్యుమోనియా మచ్చలు కూడా అందులో క్యాన్సర్‌లాగే వెలుగుతాయి. మన వైపు టీబీ తక్కువేమీ కాదు. స్కాన్‌లో వెలిగిందల్లా క్యాన్సర్ అనుకుని కీమో మొదలుపెట్టనివ్వకండి. సూదితో ముక్క తీసి పరీక్ష చేయాల్సిందే. ముక్క పరీక్షకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. తిరిగొచ్చిన గడ్డలో ఈఆర్, పీఆర్, హెర్2 మొదటిసారి ఉన్నట్టే ఉండాలని లేదు. కొంతమందిలో మారిపోతాయి, దాన్నిబట్టి మందే మారుతుంది.

ప్యాకేజీలో సీఈఏ, సీఏ 125 అనే ఇలాంటివే మరో రెండు రక్త పరీక్షలు కూడా ఉండి ఉంటాయి. సీఏ 125 అండాశయానికి సంబంధించింది, రొమ్ముకి దానితో పని లేదు. కడుపులో నీరు చేరినా, కడుపు టీబీ ఉన్నా పెరుగుతుంది. సీఈఏ పొగాకు వాడేవాళ్లలో ఎక్కువ ఉంటుంది. చుట్ట, బీడీ అలవాటుందేమో ల్యాబ్ వాళ్లు అడగరు, మీరే డాక్టరుకి చెప్పాలి.

ఇక మీ రెండో ప్రశ్న, మూడు నెలలకోసారి చేయిస్తే? ఏ లక్షణమూ లేని మనిషికి వద్దు. ఇది నా ఒక్కడి మాట కాదు. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో, యూరప్ సంఘం ఎస్మో, రెండూ ఇదే చెబుతున్నాయి. వైద్యం పూర్తయి లక్షణాలు లేనివాళ్లకు సీఏ 15-3, సీఈఏ, ఎముకల స్కాన్, పెట్ స్కాన్ వంటివి మామూలుగా చేయొద్దన్నది వాళ్ల సిఫారసు. 2012లో ఆస్కో ‘అనవసర పరీక్షలు మానండి’ అని విడుదల చేసిన జాబితాలోనూ ఇది ఉంది.

ముందే కనిపెడితే మంచిదే కదా అని మీకు అనిపిస్తుంది. అందరికీ అలాగే అనిపించింది కాబట్టే ఇటలీలో రెండు పెద్ద పరిశోధనలు చేశారు. 1994లో రెండూ కలిసి అచ్చయ్యాయి. ఒకదాంట్లో 1,320 మంది, ఇంకోదాంట్లో 1,243 మంది. సగం మందికి వరసగా ఎక్స్‌రేలు, ఎముకల స్కాన్లు వగైరా చేస్తూ వచ్చారు, మిగతా సగానికి డాక్టరు చెయ్యి పెట్టి చూడటం, మమోగ్రామ్ మాత్రమే. పరీక్షలు ఎక్కువ చేసినవాళ్లలో కొందరి జబ్బు ముందే బయటపడింది. కానీ ఎన్నాళ్లు బతికారన్న దగ్గర రెండు గుంపులకూ తేడా రాలేదు. కారణం ఉంది. రక్తంలో సీఏ 15-3 బాగా పెరిగేది జబ్బు ఎముకలకో, లివరుకో, ఊపిరితిత్తులకో పాకినప్పుడు. ఆ స్థితిలో మందులు జబ్బును ఏళ్ల తరబడి అదుపులో పెడతాయి గానీ పూర్తిగా తుడిచెయ్యలేవు. ఆ మందులు కాస్త ముందు మొదలుపెట్టినా తర్వాత మొదలుపెట్టినా ఆ పరిశోధనల్లో చివరి ఫలితం మారలేదు. ముందు తెలిసినందువల్ల దక్కింది ముందుగా మొదలైన దిగులు.

దీనికంటే నాకు బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. తిరగబెట్టే వాటిలో నిజంగా నయం చేయగలిగినవి రెండు: కోత మచ్చ దగ్గరో చంకలోనో మళ్లీ వచ్చే చిన్న గడ్డ ఒకటి, రెండో రొమ్ములో కొత్తగా పుట్టే గడ్డ ఇంకొకటి. ఈ రెండిటినీ సీఏ 15-3 దాదాపుగా పట్టుకోదు. చిన్న గడ్డ రక్తంలోకి వదిలే ముక్కలు హద్దు దాటేంత ఉండవు. మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి ‘నార్మల్’ అని చూసుకుని, మమోగ్రామ్ మానేసి, మచ్చ పక్కన పుట్టిన చిన్న గడ్డను సెగగడ్డ అనుకుని వదిలేసినవాళ్లకు జరిగే నష్టం అంతా ఇంతా కాదు.

మరి సీఏ 15-3కి అసలు చోటే లేదా? ఉంది. జబ్బు ఒంట్లోకి పాకిందని ముక్క పరీక్షలో తేలినవాళ్లలో మందు పనిచేస్తోందా లేదా చూడటానికి, స్కాన్లతో కలిపి వాడతారు. అక్కడ కూడా కొత్త మందు మొదలుపెట్టిన మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో అంకె ఒక్కసారిగా ఎగబాకొచ్చు. చస్తున్న కణాలు వదిలే ముక్కల వల్ల అలా జరుగుతుంది. అది చూసి మందు ఆపకూడదు.

క్యాన్సర్ డీఎన్ఏ పరీక్ష సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో సరుకుంది. గడ్డ కణాలు చచ్చినప్పుడు వాటి డీఎన్ఏ తునకలు రక్తంలో పడతాయి, కొద్ది గంటల్లోనే సగానికి సగం పోతాయి. సిగ్నటెరా లాంటి పరీక్షలో ముందు మీ అమ్మగారి గడ్డ ముక్కలోని జన్యువులు చదివి, ఆ గడ్డకే ప్రత్యేకమైన 16 మార్పులు ఎంచి, తర్వాత రక్తంలో వాటినే వెతుకుతారు. బ్రిటన్‌లో 49 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల మీద చేసి 2019లో వెల్లడించిన ఫలితాల్లో, తిరగబెట్టిన 18 మందిలో 16 మందికి ఈ పరీక్ష ముందే పాజిటివ్ అయింది. సగటున సుమారు 9 నెలల ముందు. సీఏ 15-3కి ఈ పదును లేదు.

కానీ పాజిటివ్ వచ్చాక ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న. బ్రిటన్‌లోనే ట్రిపుల్ నెగెటివ్ (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగెటివ్) రోగుల మీద సీ-ట్రాక్ అనే పరిశోధన జరిగింది. పాజిటివ్ రాగానే స్కాన్ తీస్తే, మందు ఇవ్వాల్సిన గుంపులో 32 మందిలో 23 మందికి అప్పటికే జబ్బు పాకి ఉంది. మిగతావాళ్లలో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు మొదలుపెట్టినవాళ్లకు కూడా రక్తంలోంచి డీఎన్ఏ నిలకడగా పోలేదు. నిరపారిబ్ అనే మాత్రతో మొదలైన జెస్ట్ పరిశోధన తగినంతమంది రోగులు దొరక్క ముందే ఆగిపోయింది. అంటే గంట ముందే మోగుతోంది గానీ మోగాక వేసుకోవాల్సిన మందు ఇంకా రుజువు కాలేదు. వేరే పరిశోధనలు నడుస్తున్నాయి. వాటిలో చేరే అవకాశం వస్తే చేరడం మంచి పనే. సొంత డబ్బుతో, పొలం తాకట్టు పెట్టి చేయించొద్దు. నెగెటివ్ వచ్చినా పూర్తి భరోసా కాదు. మెదడులో ఒక్కచోటే వచ్చే జబ్బు రక్తంలో సరిగా కనిపించదు, చిన్న స్థానిక గడ్డ కూడా అంతే.

ఇంత చెప్పినా చేయించాలనుకుంటే శాంపిల్ దగ్గర జాగ్రత్త. దీనికి మామూలు ట్యూబు పనికిరాదు. కణాలు పగలకుండా కాపాడే మందు వేసిన ప్రత్యేకమైన 10 మిల్లీలీటర్ల ట్యూబులు రెండు కావాలి. నిండా తీసి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మామూలు గది చల్లదనంలో ఉంచాలి. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో మధ్యాహ్నమంతా ఉంటే తెల్లకణాలు పగిలి వాటి డీఎన్ఏ కలిసిపోతుంది, గడ్డ డీఎన్ఏ అందులో మునిగిపోయి ‘లేదు’ అని రిపోర్టు వస్తుంది. ఈ సంగతి తెలియని సెంటర్‌లో ఇవ్వొద్దు.

ఈ డబ్బు, ఈ తిరుగుడు పెట్టాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. మొదటిది కుడి రొమ్ముకి ఏడాదికోసారి మమోగ్రామ్. ఎడమ రొమ్ము పూర్తిగా తీసేశారు కాబట్టి ఆ పక్క అక్కర్లేదు. రొమ్ము ఉంచి గడ్డ మాత్రమే తీసినవాళ్లయితే రెండు పక్కలా తీయించాలి, మొదటిది కరెంటు పెట్టడం అయిన 6 నుంచి 12 నెలల్లో. రెండోది డాక్టరు చెయ్యి పెట్టి చూడటం. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, నాలుగు, ఐదో ఏళ్లలో ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. ప్రతిసారీ విశాఖ దాకా వెళ్లలేకపోతే మధ్యలో బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో చూపించుకుని, ఏడాదికోసారి అసలు ఆసుపత్రికి వెళ్లండి. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, కటక్ ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్ ఎయిమ్స్ మీకు అందే దూరంలో ఉన్న పెద్ద చోట్లు. ఒడిశా ఆరోగ్య కార్డు, ఆంధ్రా ఆరోగ్య కార్డు నియమాలు వేరు. బయల్దేరే ముందే ఆసుపత్రి కౌంటర్‌కి ఫోన్ చేసి మీ కార్డు చెల్లుతుందో లేదో కనుక్కోండి.

ఇంట్లో నెలకోసారి ఆవిడే చూసుకోవాలి. పడుకుని, మూడు వేళ్ల మెత్తని భాగంతో మచ్చ ఈ కొస నుంచి ఆ కొస దాకా, పైనా కిందా, తర్వాత చంకలో, మెడ కింది ఎముక (కాలర్ బోన్) పైన గుంటలో, చివర్లో కుడి రొమ్ము. వెతకాల్సింది బియ్యపు గింజంత గట్టి బుడిపె, నొప్పిలేని ఎర్ర మచ్చ, గట్టిపడిన చర్మం, కొత్తగా మొదలైన చేతి వాపు. రెండు వారాల్లో పోని ఏ మార్పునైనా చూపించండి.

అన్నిటికంటే ముఖ్యం లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాముల మాత్ర రోజూ పడటం. ఈఆర్ పాజిటివ్ జబ్బు ఐదేళ్లు దాటాక, ఇరవై ఏళ్ల దాకా కూడా తిరగబెట్టగలదు. ఆ ముప్పును నిజంగా తగ్గించేది ఈ మాత్రే. కీళ్ల నొప్పులకు తట్టుకోలేక చెప్పకుండా మానేసేవాళ్లు చాలామంది. మానేయకండి, చెప్పండి. అదే జాతిలో వేరే మాత్రకు మార్చొచ్చు. ఎముకలు గుల్లబారకుండా డెక్సా స్కాన్, కాల్షియం, విటమిన్ డి చూసుకోవాలి. ముట్లు ఆగిపోయినవాళ్లకు ఆరు నెలలకోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఎముకల మందు ఇస్తే ఎముకల్లో తిరగబెట్టడం కొంత తగ్గుతుందని రుజువైంది. మీ డాక్టరుని అడగండి, ఆ మందు తీసుకునే ముందు పళ్లు చూపించుకోండి.

రక్త పరీక్షే చేయించాలని ఉంటే ఒక్కసారి చేయించదగ్గది వంశపారంపర్య ముప్పు చూసే బీఆర్‌సీఏ 1, 2 జన్యు పరీక్ష. 65 ఏళ్లలోపు జబ్బు బయటపడ్డవాళ్లకు ఇది ఇవ్వాలని ఆస్కో 2024లో చెప్పింది. పాజిటివ్ అయితే రెండో రొమ్ము, అండాశయాల విషయంలో నిర్ణయాలు మారతాయి. మీ అక్కచెల్లెళ్లకీ, పిన్నులకీ అది పనికొస్తుంది.

కింద చెప్పే లక్షణాల్లో ఏదైనా కనిపిస్తే పైన చెప్పిన ‘వద్దు’లన్నీ పక్కన పెట్టి వెంటనే చూపించండి: రెండు వారాలకు మించి ఒకేచోట ఉండి, రాత్రిపూట ఎక్కువయ్యే ఎముక నొప్పి, తగ్గని పొడి దగ్గు, ఆయాసం, కుడి డొక్కలో బరువు, కామెర్లు, కారణం లేకుండా బరువు తగ్గడం, పొద్దున్నే తలనొప్పితో వాంతులు, ఫిట్స్. వెన్ను నొప్పితోపాటు కాళ్లు బలహీనపడినా, మొద్దుబారినా, మూత్రం బిగిసినా అదే రోజు ఎంఆర్ఐ ఉన్న పెద్దాసుపత్రికి చేరాలి. వెన్నుపాము నొక్కుకుపోతే గంటలే లెక్క. మర్నాటి రైలు కోసం ఆగకండి.

ఈ నెలలోనే చేయగలిగిన పని ఒకటుంది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పెథాలజీ విభాగానికి వెళ్లి గడ్డ ముక్క రిపోర్టు, ఐహెచ్‌సీ రిపోర్టు (ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలు ఉండేది) నకళ్లు తీసుకోండి. రిపోర్టు పైన ఉండే బ్లాకు నంబరు విడిగా రాసి పెట్టుకోండి. మైనంలో భద్రపరిచిన ఆ బ్లాకును ఎన్నేళ్లు ఉంచుతారో కూడా అడగండి. రేపు ముక్క పరీక్షలో పాత గడ్డతో పోల్చాలన్నా, జన్యువులు చదివించాలన్నా ఆ నంబరే అడుగుతారు.